ఆదివారం ట్రాలీల తూకం, ట్రాక్టర్ ఉన్నవాళ్లందరూ చూడండి

అన్నలూ తమ్ముళ్లూ, వడ్లు మార్కెట్‌కు కదిలేలోపు మన ట్రాలీలన్నీ ఒకసారి తూకం వేయిద్దాం. ఆదివారం పొద్దున 7 గంటలకు ఊరి బస్టాండ్ కాడికి రండి, అందరం కలిసి ఏనుమాముల వైపు కాంటాకు పోదాం.

ట్రాలీ ఖాళీగా తేవాలి. ట్రాక్టర్ ఆర్సీ, ట్రాలీ ఆర్సీ రెండూ కావాలి.

"మనది 50 హెచ్‌పీ, ఎంతైనా లాగుతది" అనే మాట పక్కన పెట్టండి. లాగుడు సరే, ఆపుడు ఎట్ల? మన ట్రాలీల్లో చాలావాటికి సొంత బ్రేకులే లేవు, దిగుడులో బరువంతా వచ్చి ట్రాక్టర్‌నే నెడతది. 40 కిలోల బస్తాలు 100 వేస్తేనే 4 టన్నులు, ట్రాలీ ఇనుము బరువు దానికి అదనం. ట్రాలీ ఆర్సీలో లోడుతో కలిపి రాసి ఉన్న మొత్తం బరువులోంచి కాంటా మీద వచ్చిన ఖాళీ బరువు తీసేస్తే మిగిలేదే మీ లోడు.

రెండు చక్రాల ట్రాలీవాళ్లు బస్తాలు వెనక్కి పేర్చొద్దు, హుక్కు లేచి ట్రాక్టర్ వెనక టైర్లకు పట్టు పోతది. మరీ ముందుకు తోసినా ముందు చక్రాలు తేలి స్టీరింగ్ తిరగదు.

రోడ్డెక్కే ముందు రెండు బ్రేక్ పెడళ్లను కలిపే లాక్ వేయండి (పొలంలో లాక్ తీసి అట్లనే రోడ్డెక్కేవాళ్లకే ఈ మాట).

కాంటా పైసలు ఎవరివి వాళ్లవే. శనివారం రాత్రిలోపు ఈ మెసేజ్ కింద పేరు రాయండి, ఉత్త బొటనవేలు ఎమోజీ (👍) పెడితే లెక్కలోకి రాదు.