వార్షిక నివేదిక 2024-25: మన కాలనీ పిల్లల సభ

గౌరవ సభ్యులకు నమస్కారం.

పార్కు ప్రహరీ మరమ్మతు, ఇంకుడు గుంతలు, బతుకమ్మ ఏర్పాట్లు పూర్తయ్యాయి. లెక్కలు కోశాధికారి పత్రంలో ఉన్నాయి. ఈసారి నేను వివరంగా రాయదలచింది, గత సర్వసభ్య సమావేశంలో గట్టి వాదోపవాదాల తరవాత మీరు అనుమతించిన, పిల్లల చిన్న తప్పులను తోటి పిల్లలే విని తేల్చే పిల్లల సభ గురించి.

అమెరికాలోని యువ న్యాయస్థానాలే (టీన్ కోర్టులు) దీనికి ప్రేరణ. టెక్సస్ రాష్ట్రంలోని ఒడెస్సాలో 1983లో మొదలైనది చాలా ఊళ్లకు నమూనా అయింది. దుకాణంలో చిల్లర దొంగతనం వంటి చిన్న నేరం మొదటిసారి చేసి, సాధారణంగా తప్పు ఒప్పుకున్నాకే పిల్లలు అక్కడికి వస్తారు. క్షమాపణ లేఖ, సమాజ సేవ, నష్టపరిహారం వంటివి తోటి ఈడువారే నిర్ణయిస్తారు. శిక్ష పొందినవారు తరవాత జ్యూరీలో, అంటే తీర్పు తేల్చే బృందంలో, కూర్చోవడం కూడా చాలాచోట్ల తీర్పులో భాగమే. దోషిగా నిలబడ్డ పిల్లవాడికి మళ్లీ గౌరవమైన స్థానం ఇచ్చే ఈ పద్ధతి నాకు అన్నిటికంటే నచ్చింది.

అమెరికా పరిశోధన సంస్థ అర్బన్ ఇన్‌స్టిట్యూట్ 2002 అధ్యయనం ప్రకారం అలాస్కా రాష్ట్రంలో ఈ దారిలో వెళ్లినవారిలో 6 శాతం మంది ఆరు నెలల్లోపు మళ్లీ తప్పు చేస్తే, మామూలు పద్ధతిలో వెళ్లినవారిలో 23 శాతం మంది చేశారు. మేరీలాండ్ రాష్ట్రంలో అలాంటి మేలు కనబడలేదు. అంటే సభ పెట్టినంత మాత్రాన మేలు జరుగుతుందన్న హామీ లేదు. అందుకే సభలో కూర్చునే పిల్లలకు ముందుగా శిక్షణ ఇప్పించాం.

మనది కోర్టు కాదు. పోలీసుల దాకా వెళ్లినవి 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం జువెనైల్ జస్టిస్ బోర్డు చూస్తుంది. ఇరుపక్షాలూ ఒప్పుకుంటేనే కాలనీలోని చిన్న విషయాలు మన సభకు వస్తాయి. పేర్లు ఎక్కడా రాయం.

ఒక ఉదాహరణ. ఇద్దరు అబ్బాయిలు ఆటో సీటును బ్లేడుతో కోశారు. తల్లిదండ్రులు వెంటనే డబ్బు తీశారు. సభలోని అమ్మాయి ఒకరు డ్రైవరును అడిగింది: "సీటు కుట్టించిన రోజు ఇంటికి ఏం తీసుకెళ్లారు?" ఏమీ లేదన్నారాయన. ఆ మాటతో అబ్బాయిలు తల దించుకున్నారు. కుట్టుకూలీ, పోయిన రోజు సంపాదన తమ జేబుఖర్చులోంచి వాయిదాల్లో ఇవ్వాలని, ఆదివారాలు ఆటో కడగాలని పిల్లలు తేల్చారు. పెద్దలమైతే డబ్బు ఇప్పించి ముగించేవాళ్లం. ఆ ఇద్దరిలో ఒకరు ఇప్పుడు సభలో సభ్యుడు.

వచ్చే ఏడాదికి పదమూడేళ్లు నిండిన పిల్లలను పంపదలచినవారు కార్యదర్శికి చెప్పండి. విశ్రాంత న్యాయవాదులు, ఉపాధ్యాయులు పర్యవేక్షణకు ముందుకు రావాలని కోరుతున్నాం. సభ జరిగేటప్పుడు తల్లిదండ్రులు బయటి వరండాలో కూర్చోవాలన్న నియమం కొనసాగుతుంది.