భాషాశాస్త్రం, మనస్తత్వశాస్త్రం కలిపి చదివే డిగ్రీ మన దగ్గరా పెట్టండి: ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. నేను గుంటూరులో ఒక డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్తుంటాను. అడ్మిషన్లు మొదలయ్యాయంటే మా స్టాఫ్ రూమే హెల్ప్ డెస్క్ అయిపోతుంది. పిల్లలు ఏం చదవాలనుకుని వస్తారో, చివరికి దేనితో సర్దుకుంటారో దగ్గర్నుంచి చూస్తుంటాను. మిమ్మల్ని అడగాలనుకున్నది ఒక్కటే. భాషాశాస్త్రం, మనస్తత్వశాస్త్రం రెండూ కలిపి చదివే నాలుగేళ్ల డిగ్రీ ఒకటి నాగార్జున విశ్వవిద్యాలయంలో పెట్టించండి.

ఆ రెండింటికీ ఏం సంబంధమని మీ పేషీలో ఎవరైనా అడగొచ్చు. అందుకే ముందు ఒక చిన్న లెక్క చెప్తాను. తెలివితేటలు కొలిచే పరీక్షల్లో అంకెలు వరసగా చదివి, వాటిని తిరిగి అప్పజెప్పమనే భాగం ఒకటి ఉంటుంది. వెక్స్‌లర్ పరీక్షల్లోనూ ఉంది. ఎన్ని అంకెలు అప్పజెప్తే జ్ఞాపకశక్తి అంత ఉన్నట్టు లెక్క. బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతపు భాష వెల్ష్. అది మాట్లాడే పిల్లలకు ఇందులో తక్కువ వచ్చేది. 1980లో ఎలిస్, హెన్నెలీ అనే ఇద్దరు పరిశోధకులు వెల్ష్, ఇంగ్లీషు రెండూ వచ్చినవాళ్లని కూర్చోబెట్టి చూశారు. అదే మనిషికి ఇంగ్లీషు అంకెలు ఎక్కువ గుర్తుంటున్నాయి, వెల్ష్ అంకెలు తక్కువ. వెల్ష్ అంకెల పేర్లు పలకడానికి ఎక్కువసేపు పడుతుంది, అంతే. బుర్రలో లోపమేమీ లేదు.

ఇప్పుడు మన సంగతి చూడండి. ఒకటి నుంచి తొమ్మిది దాకా ఇంగ్లీషులో పలికితే మొత్తం 10 సిలబుల్స్. తెలుగులో 23. ఒక్క ఎనిమిదికే నాలుగు కావాలి. ఇంగ్లీషు పిల్లల కోసం తయారైన పరీక్షని మక్కీకి మక్కీ తెలుగు చేసి తెనాలి పిల్లవాడికి పెడితే, వాడికి రాని మార్కులు వాడి జ్ఞాపకశక్తివా, మన అంకెలవా? మన పిల్లలు అంకెలు ఇంగ్లీషులోనే చెప్తారు కదా అంటారేమో. నిజమే, ఫోన్ నంబరు తెలుగులో చెప్పేవాళ్లు ఈ రోజుల్లో కనబడరు. అయితే ఏ పిల్లవాడిని ఏ భాషలో అడగాలి అన్నది కూడా ఎవరో తెలిసినవాళ్లు తేల్చాల్సిన విషయమేగా. ఆ తెలిసినవాళ్లు ఎక్కడ తయారవుతున్నారు? సైకాలజీ చదివినవాళ్లకి పరీక్ష పెట్టడం, స్టాటిస్టిక్స్ వస్తాయి కానీ తెలుగు నిర్మాణం ఎవరూ నేర్పరు. భాషాశాస్త్రం చదివినవాళ్లకి తెలుగు ధ్వనులు, పదాల అల్లిక కొట్టినపిండి, కానీ పిల్లవాడి ముందు స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చునే శిక్షణ ఉండదు.

ఇంతకన్నా పెద్ద చిక్కు చదవడం దగ్గరుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాల్ని గుర్తించింది. అందులో అభ్యసన వైకల్యమూ ఉంది, మాట, భాషకు సంబంధించిన వైకల్యమూ ఉంది. హక్కు వచ్చింది, సంతోషం. మరి గుర్తుపట్టడం ఎలా? డిస్లెక్సియాని, అంటే తెలివి ఉన్నా చదవడంలో తడబడే ఇబ్బందిని, గుర్తించడానికి జాతీయ మెదడు పరిశోధన కేంద్రం తయారుచేసిన 'డాలీ' పరీక్షలు మొదట హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లీషుల్లో వచ్చాయి. ఆ తొలి జాబితాలో మనం లేం. లిపిలో మనకు దగ్గరి చుట్టమైన కన్నడ మీద సోనాలీ నాగ్ అనే పరిశోధకురాలు చేసిన పరిశోధన 2007లో వచ్చింది. అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు అన్నీ పట్టుబడటానికి పిల్లలకు నాలుగో తరగతి, ఆపైన కూడా పడుతుందని అందులో తేలింది. ఇరవై ఆరు అక్షరాల ఇంగ్లీషు లెక్క ఇక్కడ పనికిరాదన్నమాట. రెండో తరగతి పిల్ల 'ఉష్ణం' దగ్గర ఆగిపోతే అది డిస్లెక్సియానా, ఆ వయసుకి మామూలేనా? తల్లిదండ్రులు టెన్షన్ పడతారు, టీచరు బద్ధకం అంటుంది. చెప్పగలిగినవాళ్లు లేకపోతే ఇద్దరూ ఆ పిల్లనే తిడతారు.

పక్షవాతం వచ్చి మాట పడిపోయినవాళ్ల సంగతీ అంతే. మెదడులో ఫలానా చోట దెబ్బ తగిలితే మాట పోతుందని 1861లో బ్రోకా అనే ఫ్రెంచి డాక్టరు చూపించాడు. కానీ ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు, ఆఫీసులో ఇంగ్లీషు మాట్లాడే మన మనిషికి మూడు భాషలూ ఒకే తీరులో తిరిగి రావాలని లేదు. ఏది ముందొస్తోంది, ఎక్కడ తడబడుతున్నాడు అన్నది ఆ మూడు భాషల మీదా పట్టున్నవాళ్లే చూడగలరు.

ఇవి విదేశాల్లో మాత్రమే జరిగే పరిశోధనలనుకోకండి. 2013లో 'న్యూరాలజీ' పత్రికలో వచ్చి ప్రపంచమంతా మాట్లాడుకున్న అధ్యయనం హైదరాబాద్ నిమ్స్‌కి వచ్చిన 648 మంది డిమెన్షియా (మతిమరుపు జబ్బు) రోగుల మీద జరిగింది. రెండు భాషలు మాట్లాడేవాళ్లలో ఆ జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడ్డాయి. బడి మొహం చూడనివాళ్లలోనూ ఆ తేడా కనిపించింది. డాక్టర్ సువర్ణ అల్లాడి ఆధ్వర్యంలో నరాల వైద్యులు, భాషాశాస్త్రవేత్తలు, మనసు పనితీరుని పరిశోధించే కాగ్నిటివ్ సైన్స్‌వాళ్లు కలిసి చేసిన పని అది. (తర్వాతి అధ్యయనాలన్నీ దీనితో ఏకీభవించలేదు. అయినా ఆ వాదన తేలాలన్నా మనలాంటి పలుభాషల ఊళ్లే కావాలి.)

కానీ అదంతా హైదరాబాద్. ఉస్మానియా భాషాశాస్త్ర శాఖని భద్రిరాజు కృష్ణమూర్తి గారు నిలబెట్టింది అక్కడే, సెంట్రల్ యూనివర్సిటీ, ఇఫ్లూ (ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) ఉన్నదీ అక్కడే. విభజన చట్టం ఇచ్చిన పదేళ్ల ఉమ్మడి ప్రవేశాల గడువు 2024 జూన్ 2తో అయిపోయింది. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం ఉన్నాయి కదా అంటే, ఉన్నాయి. మంగళగిరి నుంచి ఆడపిల్లని బీఏకి కుప్పం పంపే తండ్రిని నాకు చూపించండి.

కొత్త చట్టం ఏమీ అక్కర్లేదు. 2023-24లో మన డిగ్రీల్లో మేజర్ (ప్రధాన సబ్జెక్టు), మైనర్ (ఉప సబ్జెక్టు) పద్ధతి వచ్చింది. కాగితం మీద సైకాలజీ మేజర్‌కి భాషాశాస్త్రం మైనర్‌గా తగిలించొచ్చు. మైనర్ల జాబితాలో ఏ సబ్జెక్టు ఉందన్నది మాత్రం కాలేజీలో ఏ లెక్చరర్ ఖాళీగా ఉన్నారన్నదాన్ని బట్టి తేలుతుంది, అది మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆక్స్‌ఫర్డ్‌లో సైకాలజీ, ఫిలాసఫీ, లింగ్విస్టిక్స్ కలిపి ఒకే డిగ్రీగా చదువుతున్నారు. మనకి అంత హంగు వద్దు, ఇరవై సీట్లు చాలు. హెచ్ఈసీ వాళ్లనీ బైపీసీ వాళ్లనీ రానివ్వండి. మొదటి ఏడాది నుంచే స్టాటిస్టిక్స్ పెట్టండి, దాన్ని చూసి పారిపోయేవాళ్లు అప్పుడే పారిపోతారు. ప్రాక్టికల్స్‌కి గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రి జీజీహెచ్ ఉంది, ఊరూరా సర్కారు బడి ఉంది.

ఉద్యోగం మాటేమిటని తల్లిదండ్రులు అడుగుతారు, అడగాలి కూడా. ఈ డిగ్రీతో ఎవరూ క్లినికల్ సైకాలజిస్టు కారు, స్పీచ్ థెరపిస్టూ కారు. వాటికి వేరే కోర్సులున్నాయి, భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) రిజిస్ట్రేషన్ ఉండాలి. ప్రాస్పెక్టస్‌లో ఆ మాట పెద్దక్షరాలతో వేయించండి, ఎవరినీ మోసం చేసినట్టు ఉండదు. ఆ పై చదువులకి మాత్రం ఇది మంచి పునాది. పాఠ్యపుస్తకాల తయారీ, పిల్లల పరీక్షల తయారీ, కేంద్ర ప్రభుత్వ అనువాద వేదిక 'భాషిణి' లాంటి భాషా సాంకేతిక పనులు వీళ్లకి అందుబాటులో ఉంటాయి. తెలుగు మాటని యంత్రం సరిగ్గా వినాలంటే గుంటూరు యాసనీ, సగం ఇంగ్లీషు కలిసిన వాక్యాన్నీ విడమరిచి చెప్పేవాళ్లు కావాలి.

వచ్చే అడ్మిషన్ల నోటిఫికేషన్ లోపల సిలబస్ తేల్చే కమిటీ, అదే బోర్డ్ ఆఫ్ స్టడీస్, ఒకటి వేయించండి. అందులో నరాల డాక్టర్ ఒకరు, ప్రాథమిక పాఠశాల టీచరు ఒకరు తప్పకుండా ఉండేట్టు చూడండి. సిలబస్ రాసే పనికి మాలాంటి వాళ్లం ఆదివారాలు వస్తాం. టీఏ, డీఏ అడగం, మధ్యాహ్నం భోజనం పెడితే చాలు.

ఇట్లు,
గుంటూరు నుంచి ఒక ఇంగ్లీషు లెక్చరర్