ఏ కంటికి కనబడిన తెలుపు?

సంపాదకులకు,

నీలం మనసును కుదుటపరుస్తుందని, ఎరుపు కోపం పెంచుతుందని, తెలుపు పవిత్రమని మీ ఆదివారం అనుబంధంలో పట్టిక వేశారు. ముప్పై ఏళ్లు డ్రాయింగ్ మాస్టారుగా పిల్లలకు రంగులు కలపడం నేర్పినవాణ్ణి, నాకది మింగుడు పడలేదు.

ఈమధ్యే నా కుడికంటికి శుక్లం ఆపరేషన్ అయింది. కట్టు విప్పాక ఒక్కో కన్నూ మూసి ఎదుటి గోడ చూశాను. ఎడమకంటికి అది పాత పుస్తకంలో కాగితంలా ఉంది. కుడికంటికి కాస్త నీలి ఛాయతో తెల్లగా మెరిసింది. ఏది అసలు రంగండీ అంటే డాక్టరుగారు నవ్వి ఊరుకున్నారు. వయసుతో కంట్లో లెన్సు పసుపెక్కి నీలం కాంతిని ఆపేస్తుందట. ఒక కాలికి నల్ల సాక్సు, ఇంకో కాలికి ముదురు నీలం సాక్సు వేసుకుని ఎన్నాళ్లు తిరిగానో! మార్పు మెల్లగా వచ్చింది కదా, మెదడు సర్దుకుపోయింది, నాకు తెలియనే లేదు. చిత్రకారుడు మోనేదీ ఇదే కథ. శుక్లాలు ముదిరిన రోజుల్లో ఆయన బొమ్మలు ఎరుపు, గోధుమ రంగుల వైపు మళ్లాయి. 1923లో ఆపరేషన్ అయ్యాక అంతా నీలంగా ఉందని విసుక్కున్నాడు.

మరి మీ పట్టికలో నీలం ఎవరి నీలం?

1979లో అమెరికాలోని సియాటిల్‌లో నౌకాదళ జైలు గదికి గులాబీ రంగు వేస్తే ఖైదీలు నెమ్మదించారన్నారు. తర్వాతి ప్రయోగాల్లో ఆ మాట నిలవలేదు. గులాబీ గదుల ప్రచారం మాత్రం ఆగలేదు. ఇక తెలుపంటారా, చాలాచోట్ల అది దుఃఖపు రంగు కూడా. యూరప్‌లో పెళ్లికూతురి తెల్ల గౌను సైతం 1840లో విక్టోరియా రాణి పెళ్లి తర్వాతే బాగా పాకింది.

భాష సంగతి సరే సరి. క్లాసులో "పచ్చ తీయండ్రా" అంటే సగం మంది పసుపు తీసేవాళ్లు, సగం మంది ఆకుపచ్చ. తప్పు వాళ్లది కాదు, మన మాటే అలాంటిది. రష్యన్లకు లేత నీలానికో పేరు, ముదురు నీలానికో పేరు. రెండు నీలాలు చెరో పేరు కిందికి వస్తే వాళ్లు తేడాను త్వరగా పట్టారని 2007 నాటి ప్రయోగం ఒకటి తేల్చింది. ఇంగ్లీషు మాట్లాడేవాళ్లలో ఆ చురుకు కనబడలేదు.

రంగు మనసును కదపదని నేననను. కట్టు విప్పిన రోజు కిటికీలోంచి ఆకాశం చూసి కళ్లు చెమర్చాయి. అది నీలం మహిమో, పోయిందని కూడా తెలియనిది తిరిగి దొరికినందుకో చెప్పలేను.

ఇలాంటి పట్టిక మళ్లీ వేస్తే, ఆ సంగతి ఎక్కడ, ఎవరి మీద పరీక్షించి తేల్చారో పక్కన ఒక్క ముక్క రాయించండి.

వచ్చే నెల ఎడమకంటికి ఆపరేషన్. ఆ పాత కాగితం రంగు మళ్లీ కనబడదు కదా, ఈలోగా కుడికంటికీ అలాగే కనబడేలా దాన్ని కలిపి ఉంచుదామని రంగులు ముందేసుకుని కూర్చున్నాను. ఇంకా కుదరలేదు.

— ఒక రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టారు