శాన్ హోసే నుంచి నాయనకు

నాయనా,

డాలస్ వదిలి శాన్ హోసే చేరుకున్నాం. పిల్లలు బాగున్నారు, సామానూ క్షేమంగా వచ్చింది. ఇల్లు మారిన ఖర్చు పన్నులో ఏమన్నా తగ్గుతుందా అని ఫోన్‌లో అడిగావు కదా, వివరంగా రాస్తున్నా.

నువ్వు ప్రొద్దుటూరు నుంచి రాయచోటికి బదిలీ అయినప్పుడు లారీ రసీదు, బస్సు టికెట్లు గుండుసూదితో గుచ్చి టీఏ బిల్లు పెట్టావు. ఇక్కడ అమెరికాలో 2017 వరకు సొంతంగా ఉద్యోగం మారినవాళ్లు కూడా ట్రక్కు ఖర్చు, దారి ఖర్చు ఆదాయంలోంచి తీసేసి చూపించేవాళ్లు. పాత ఇంటి నుంచి చూస్తే కొత్త ఆఫీసు పాత ఆఫీసు కంటే కనీసం 50 మైళ్లు ఎక్కువ దూరం ఉండాలి, వచ్చాక మొదటి ఏడాదిలో 39 వారాలు ఫుల్‌టైమ్ పనిచేయాలి. దారిలో తిన్న తిండి లెక్కలోకి రాదు. 2018 నుంచి ఈ తగ్గింపును తాత్కాలికంగా ఆపేశారు. 2026లో మళ్లీ వస్తుందని అందరూ ఎదురుచూస్తుంటే, 2025లో కొత్త చట్టం తెచ్చి శాశ్వతంగా తీసేశారు. ఆర్డర్ల మీద బదిలీ అయ్యే సైనికులకు, నిఘా సంస్థల ఉద్యోగులకు మాత్రం ఉంచారు.

నాకిది అన్యాయమే అనిపిస్తుంది. మొదటి జీతం పడకముందే ఇంటి అడ్వాన్సు, ట్రక్కు డబ్బులు కట్టాలి. ఇల్లు మారడానికని కంపెనీ ఇచ్చేది కూడా జీతం కిందికే వస్తుంది, దానికీ పన్ను పడుతుంది. ఆఫర్ లెటర్లో 10,000 డాలర్లని ఉంది. ఫెడరల్ (కేంద్ర) పన్ను 22 శాతం, సోషల్ సెక్యూరిటీ (పింఛను పథకం), మెడికేర్ (పెద్దవాళ్ల వైద్య పథకం) కలిపి 7.65 శాతం పట్టుకున్నాక 7,000 చిల్లరే మిగిలింది. ఒక్కటే ఊరట, మేమున్న కాలిఫోర్నియా రాష్ట్ర పన్నులో పాత పద్ధతి ఇంకా ఉంది. అందుకే ట్రక్కు రసీదు, పెట్రోలు బిల్లులు, హోటల్ బిల్లు ఒక కవర్లో దాచిపెట్టాను.

తమ్ముడు కడప నుంచి బెంగళూరు కంపెనీలో చేరుతున్నాడు కాబట్టి వాడికీ ఈ సంగతి చెప్పు. మన దేశంలో, చేస్తున్న ఉద్యోగంలోనే బదిలీ అయితే, అందుకిచ్చిన అలవెన్సులో ఖర్చయినంతకు పన్ను ఉండదు. ఆ మినహాయింపు బదిలీకి మాత్రమే ఇచ్చింది. కొత్త ఉద్యోగంలో చేరేటప్పుడు దాన్ని నమ్ముకుని లెక్కలు వేసుకోవద్దను. సంతకం పెట్టకముందే, ఇల్లు మారడానికి కంపెనీ ఇచ్చే డబ్బు మీద పన్ను ఎవరు కడతారో హెచ్‌ఆర్‌ను అడిగి మెయిల్లో రాయించుకోమను. పన్ను కూడా తామే భరించే కంపెనీలు ఉంటాయి, అడగడానికి మొహమాటం వద్దు. ఏడాదిలోపు మానేస్తే ఆ డబ్బు వెనక్కి కట్టాలనే షరతు ఉందేమో కూడా చూసుకోమను.

అమ్మకు మోకాలి నొప్పి ఎలా ఉంది? కొత్త అడ్రసు వాట్సాప్‌లో పంపాను, ఉగాదికి పంపే పార్సిల్ దానికే వేయండి.

నీ కూతురు