ప్రోటియేజ్ మందుల కథనంపై ఒక మాట

సంపాదకులకు నమస్కారం.

ప్రోటీన్లను కత్తిరించే ప్రోటియేజ్ ఎంజైములను ఆపి క్యాన్సర్‌కు మందు చేయడంపై మీ కథనం బాగుంది, కానీ అసలు ఇబ్బంది వదిలేశారు. ఎక్స్-రేలతో ఎంజైము ఆకారం తెలుసుకుని, దాని గుంటలో సరిగ్గా ఇమిడే అణువును తయారుచేస్తే పని అయిపోదండీ. 1990ల్లో ట్రయల్స్‌కు వచ్చిన మారిమాస్టాట్ అనే మందు, మ్యాట్రిక్స్ మెటలోప్రోటియేజ్‌లు అనే ప్రోటియేజ్ కుటుంబపు ఎంజైములోని జింక్‌ను గట్టిగానే పట్టుకుంది, అయితే ఆ కుటుంబంలో ప్రతి ఎంజైముకూ అదే జింక్ ఉండటంతో శరీరానికి కావాల్సినవాటినీ అడ్డుకుంది, పాపం రోగులకు కీళ్ల నొప్పులు మిగిలాయి, ట్రయల్స్‌లో ఆశించిన ఫలితం రాలేదు. జింక్ పక్కనే, ఒక్కో ఎంజైములో ఒక్కో లోతున ఉండే గుంటను చూసి డిజైన్ చేయడం అందుకే ముఖ్యం. అలాగని నిరాశ అక్కర్లేదు. బోర్టెజోమిబ్ అనే మందులోని బోరాన్, కణంలో అక్కర్లేని ప్రోటీన్లను ముక్కలు చేసే ప్రోటియసోమ్‌లోని త్రియోనిన్ అనే అమైనో ఆమ్లాన్ని పట్టుకుంటుంది, 2003లోనే అమెరికాలో మల్టిపుల్ మైలోమా అనే రక్త క్యాన్సర్‌కు అనుమతి వచ్చింది. ఈ రెండు కథలూ పక్కపక్కన రాయండి, దయచేసి.

– ఒక పాఠకుడు