తీర జలాల శాఖ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కమిషనర్ గారికి,

నీటి అడుగున పెరిగే గడ్డి గురించి మీ కార్యాలయానికి మూడుసార్లు వినతిపత్రాలు ఇచ్చాము. జవాబు రాలేదు. అందుకే నలుగురి ఎదుట రాస్తున్నాను.

గడ్డిని తుపాను తుడిచిపెట్టిందని మీ సిబ్బంది చెబుతున్నారు. అది సగం నిజం. పొలాల ఎరువుల నుంచి, మురుగునీటి నుంచి వచ్చే నత్రజని, భాస్వరం ముందుగా నాచును పెంచుతాయి. నీరు మసకబారుతుంది, ఆకులపై జిగట పొర పేరుకుంటుంది. నీటిపై పడే వెలుగులో కనీసం పదో వంతైనా అందకపోతే సాధారణంగా ఈ గడ్డి బతకదు. చాలా జాతులకు అంతకంటే ఎక్కువే కావాలి. వెలుగు లేక వేళ్లలో దాచుకున్న పిండిపదార్థం ఖర్చయిపోతుంది. అలా నీరసించిన గడ్డి మీదికి తుపాను బురద మోసుకొస్తుంది.

అమెరికాలోని చీసపీక్ అఖాతాన్ని 1972 జూన్‌లో ఆగ్నెస్ తుపాను దెబ్బతీసినప్పుడు, సస్క్వెహనా నది ముఖద్వారంలో గడ్డి దాదాపు మాయమైంది. మళ్లీ విస్తరించడానికి దశాబ్దాలు పట్టింది. 2011లో అక్కడికే లీ తుపాను వచ్చినప్పుడు మాత్రం గడ్డి దట్టంగా ఉన్న మధ్యభాగం నిలిచింది. తేడా గాలివానలో మాత్రమే లేదు, గడ్డికి ఉన్న బలంలోనూ ఉందని గమనించగలరు.

పీతలకు, చేపపిల్లలకు ఆ గడ్డే ఉయ్యాల. అది పోయాక మా వలలు తేలికయ్యాయి. అప్పు చేసి పడవ కొన్నవారు ఆ పడవనే అమ్ముకుంటున్నారు.

తుపానును ఆపమని అడగడం లేదు. తీరంలో కలిసే మురుగునీటిలో నత్రజని, భాస్వరాలకు పరిమితి విధించండి. కొలతలను ప్రతి నెలా ప్రకటించండి. వచ్చే తుపాను కాలానికి ముందే ఆ ఉత్తర్వు వెలువడాలి.

భవదీయుడు,
ఒక మత్స్యకారుడు