రేణిగుంట సైట్లలో కూలి బకాయిలు: ఆదివారం వెళ్లేవాళ్లకు

అన్నలూ, అక్కలూ! రేణిగుంట, ఏర్పేడు వైపు సైట్లలో ఒడిశా, బిహార్, బెంగాల్ కూలీలతో మాట్లాడేటప్పుడు ముందు ఒక్కటే అడగండి: పని చేయించే కంపెనీ పేరేంటి? చాలామందికి మేస్త్రీ పేరు తప్ప ఇంకేమీ తెలియదు. అర్జీలు ఆగిపోయేది అక్కడే. మేస్త్రీ ఫోన్ ఆపేస్తే నోటీసు ఎవరికి పంపాలి? కాంట్రాక్టరు కూలి ఎగ్గొడితే కట్టాల్సిన బాధ్యత చట్టప్రకారం అసలు యజమానిదే, అంటే పని చేయించే కంపెనీదే. అందుకే గేటు దగ్గరి బోర్డు ఫోటో తీసిపెట్టుకోమనండి.

హాజరు ఏ రోజుకారోజు సొంతంగా రాసుకోవాలి: తేదీ, పనిలోకి దిగిన టైము, వదిలిన టైము, తీసుకున్న అడ్వాన్సు. పుస్తకం మేస్త్రీ దగ్గరే ఉంటే వారానికోసారి ఆ పేజీ ఫోటో. ఓటీకి (ఓవర్‌టైముకి) రెట్టింపు కూలి రావాలి, కానీ గంటలు రాయకపోతే అడగడానికి ఆధారమే ఉండదు. ఖాళీ వోచరు మీద వేలిముద్ర వద్దే వద్దు. "మొత్తం ముట్టింది" అని తర్వాత రాసుకుంటారు.

కార్మిక శాఖకు అర్జీ రెండు కాపీలు, మన కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోవాలి. ఒక్కరి పేరుతో ఇవ్వకండి, వాళ్లనే పనిలోంచి తీసేస్తారు. ఉచిత వకీలు సాయానికి 15100 నంబరుకు ఫోన్ చేయాలి.

హిందీ, ఒడియా వచ్చినవాళ్లు శనివారం లోపు ఇక్కడే పేరు పెట్టండి.